సార్ల కోటా

కామేశం ఆఫీసు ఫోను మాట్లాడుతుంటే వినేవాళ్లకు విషయం ఏమిటో చచ్చినా తెలియదు గాని, అవతలి మనిషి హోదా మాత్రం మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. కూర్చుని మాట్లాడితే తోటి గుమాస్తా. లేచి నిలబడితే సూపరింటెండెంటు. మడిచి కట్టిన లుంగీ దించుకుని, చెప్పులు విడిచి, దేవుడి గది వైపు తిరిగి నిలబడ్డాడంటే సాక్షాత్తూ డైరెక్టరు గారు.

ఆ ఆదివారం పొద్దున్న దేవుడి గది వైపే నిలబడ్డాడు.

“సార్... ఆఁ సార్... లేదు సార్... అంటే సార్, అదేంటంటే సార్... సార్ సార్ సార్... అలాగే సార్... ఎంతమాట సార్... ఉంటాను సార్... సార్.”

వంటింట్లో గోంగూర ఒలుస్తున్న అతని భార్య సువర్చల, తోచక, ఒక్కో సార్‌కు ఒక్కో కాడ చొప్పున పక్కన పెట్టింది. ఫోను పెట్టేసేసరికి అరవై నాలుగు కాడలు తేలాయి.

“ఏమిటట?” అంది.

“రేపు సోమవారమేనా అని అడిగారు.”

“మీరేమన్నారు?”

“ఔనన్నాను.”

సువర్చల కాడలు ఊడ్చి చెత్తబుట్టలో వేసింది గాని, సంగతి మనసులోంచి పోలేదు. బి.ఏ.లో ఇంగ్లీషు ప్రత్యేకంగా చదివిన మనిషి. ఆ చదువు ఇన్నేళ్లలో మందు సీసాల మీద అచ్చు చదవడానికి తప్ప పనికిరాలేదు. ఇన్నాళ్లకు పరిశోధనకు ఒక విషయం దొరికింది. పాలవాడి క్యాలెండరులో అయిపోయిన నెల కాగితం చింపి, వెనకవైపు రాయడం మొదలుపెట్టింది.

ఇంగ్లీషువాడు ఆ మాటను ఒక్క మర్యాదకే వాడుకున్నాడు. మనవాళ్ల చేతిలో పడ్డాక అది ఇంట్లో గరిటెలా అన్నింటికీ పనికొచ్చింది. ఫోను ఎత్తగానే అనే సార్‌కు అర్థం, నిలబడ్డాను అని. మధ్యమధ్య అనేదానికి, ఇంకా ఉన్నాను అని. “సా...ర్” అని సాగదీస్తే నాకు తెలియదు. మూడు గబగబా అంటే ఆ తప్పు నాది కాదు. ఒకటే, గొంతు తగ్గించి అంటే నాదే. బస్సులో కండక్టరు “సార్, లోపలికి జరగండి సార్” అంటే ఇక్కడ నీ మర్యాద ఎవడికీ అక్కర్లేదు అని. కాలేజీలో ఆలస్యంగా వచ్చిన కుర్రాణ్ణి లెక్చరరు “రండి సార్” అంటే, ఆ కుర్రాడికి ఆ రోజు మూడిందని. హోటల్లో మనం సర్వరును సార్ అంటాం, సర్వరు మనల్ని సార్ అంటాడు, ఇద్దరికీ దోసె ఆలస్యమవుతుందని తెలుసు. ఆదివారం తొమ్మిదింటికి సువర్చల తన మొగుణ్ణి “సార్ గారు లేచారా” అంటే, అందులో మర్యాద ఉందనుకున్నవాడు సంసారం చేయలేదన్నమాట. మొత్తం పద్నాలుగు రకాలు వచ్చాయి. కింద గీత గీసి, “మా వారి దినసరి వాడకం: అంచనాకు అందదు” అని రాసి నవ్వుకుంది.

ఆ కాగితాన్నే మర్నాడు క్యారియరులో పెరుగు మిరపకాయలకు చుట్టి పంపడం మాత్రం తొందరలో జరిగింది. పొరపాటంటే అదే.

కామేశం పనిచేసేది కాకినాడలోని ప్రాంతీయ సమన్వయ సంస్థలో. మిగిలిన శాఖల మధ్య సమన్వయం కుదర్చడం ఆ సంస్థ పని. పద్నాలుగేళ్లలో ఏ శాఖా తమకు సమన్వయం కావాలని అడిగిన పాపాన పోలేదు. అయినా నలభై ఒక్కమంది పదింటికల్లా వచ్చి కూర్చునేవారు. ఇలాంటి చోట సామర్థ్యం ఎందుకు పెరగడం లేదని పైవాళ్లకు అనుమానం వచ్చి, హైదరాబాదు నుంచి నిరంజన్ అనే పాలనా సామర్థ్య సలహాదారును పంపారు. మెడలో తాడు, తాడుకు కార్డు, చేతిలో టాబ్. మూడు వారాలు కుర్చీలు, ఫ్యాన్లు లెక్కపెట్టాడు. నివేదికలో రాయడానికి ఏమీ దొరకలేదు. ఆ పరిస్థితిలో మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర, కామేశం విప్పి పారేసిన నూనె కాగితం అతని కంటబడింది.

నాలుగు రోజుల తర్వాత కామేశం ఇంటికి ఒక సర్క్యులరు తెచ్చాడు. సువర్చల గట్టిగా చదివింది.

“విషయము: సంబోధనల హేతుబద్ధీకరణ. నిపుణుల అధ్యయనము వలన తేలినది ఏమనగా, ఈ కార్యాలయమున ఉద్యోగుల వాక్సమయములో నలభై మూడు శాతము ‘సార్’ అను పదమునకే వ్యయమగుచున్నది. సదరు పదమునకు పద్నాలుగు అర్థములు గలవని, అందు పదమూడు అనుత్పాదకములని శాస్త్రీయముగా నిర్ధారించడమైనది. కావున వచ్చే సోమవారము నుండి గుమాస్తాలకు రోజుకు ఇరవై, సూపరింటెండెంట్లకు ఇరవై ఐదు, అటెండర్లకు పది చొప్పున కోటా నిర్ణయించడమైనది. మిగిలిన కోటా మరుసటి దినమునకు బదిలీ కాదు. ‘మేడం’ అను పదము సైతము సార్‌గానే పరిగణింపబడును.”

పద్నాలుగు అనే అంకెను ఆమె రెండుసార్లు చదివింది.

“ఎవడో గాని మహా మేధావి అయ్యుంటాడు,” అన్నాడు కామేశం. “పద్నాలుగుట. నేను ఒకటే అనుకున్నాను.”

“మేధావే,” అంది సువర్చల. కాగితం మడిచి ఇచ్చేసి వంటింట్లోకి వెళ్లి, కాసేపు కుళాయి తిప్పి ఊరికే నిలబడింది.

లెక్క కోసం వేలికి తొడుక్కునే మిషన్లు కొన్నారు. గుళ్లలో జపం లెక్కపెట్టుకునేవాళ్లు బొటనవేలితో టిక్కు టిక్కుమని నొక్కుతారే, అవి. ఊళ్లో పూజాసామగ్రి కొట్లన్నింటిలోనూ అయిపోయాయి. రామకోటి మొదలుపెట్టిన ముసలివాళ్లు వేళ్లు మడుచుకుంటూ పాతపద్ధతిలోకి వెళ్లారు. సమన్వయ సంస్థలో మాత్రం నలభైమంది చేతులకు మిషన్లు మెరిశాయి. బయటినుంచి చూసినవాళ్లు ఇక్కడేదో కోటి నామార్చన జరుగుతోందనుకున్నారు. అంత తప్పూ కాదు.

రెండో వారం ఒక శనివారం, ఆఫీసు అటెండరు అప్పలకొండ ఏదో కవరు ఇవ్వడానికి ఇంటికొచ్చాడు. మరో రెండేళ్లలో రిటైరయ్యే మనిషి. మజ్జిగ ఇచ్చి, ఎలా ఉంది మీ కోటా అని అడిగింది సువర్చల.

“ఏం చెప్పమంటారండి అమ్మగారూ. నాకు పదండి. డైరెట్రు గారి కారు తలుపు తీసేతలికి నాలుగు. సంచీ అందుకునేతలికి నాలుగు. ఆయన మెట్లెక్కుతా ‘ఏరా కొండా, బాగున్నావా’ అంటారండి. బాగున్నానంటే ఒకటి, తమరి దయంటే ఒకటి. పదింబావుకల్లా నా పనైపోతందండి. అక్కణ్ణుంచీ నేను మనిషిని కాదు, కొయ్యబొమ్మనండి, ఆయ్.”

“మరి అండి అంటున్నారు కదా, దానికి లెక్క లేదా?”

“అది మన గాలిలో ఉందండి, దాన్నేం చేత్తారు. ‘ఆయ్’కి మాత్రం లెక్క పెట్టేశారండి. సార్ అయిపోయినోళ్లంతా ఆయ్ అంటన్నారని ఆ కార్డాయన కనిపెట్టేశాడండి. రెండు ఆయ్‌లు ఒక సార్ కింద కట్టేశారు. మొన్న మా రికార్డురూమాయనకి అరసార్ తక్కువొచ్చి, ఆయ్ అనబోయి సగంలో ఆగిపోయాడండి. నోరలా తెరుచుకుని ఉండిపోయింది. పాపం, వాతమొచ్చిందని సోడా తాగించేం.”

మధ్యాహ్నం తర్వాత ఆఫీసులో మాట వినపడటం లేదని కూడా చెప్పాడు. సార్ లేకుండా పై అధికారితో మాట్లాడే ధైర్యం ఎవరికీ లేదు. సార్‌తో మాట్లాడే మిగులు ఎవరి దగ్గరా లేదు. నీళ్ల ట్యాంకు పొంగిపోతుంటే నలుగురు చూస్తూ నిలబడ్డారు, చెప్పాల్సింది డైరెక్టరుకు గనక. నిరంజన్ తన నివేదికలో శబ్దకాలుష్యం అరవై శాతం తగ్గిందని రాశాడు.

అసలు చిక్కు కామేశానిది. అతను సార్‌ను మాటగా అనడు, ఊపిరిగా తీస్తాడు. ఇరవైతో అతనికి పదకొండు గంటల దాకా కూడా గడవదు. సువర్చల ఇంట్లో తర్ఫీదు మొదలుపెట్టింది. వాలుకుర్చీలో తను డైరెక్టరులా కూర్చుని, అతన్ని ఎదుట నిలబెట్టింది.

“ఊఁ, ఫైలు పంపానని చెప్పండి. ఒట్టి మాటే.”

“ఫైలు...”

“ఊఁ.”

“ఫైలు పంపాను స్—” చేత్తో నోరు మూసుకున్నాడు.

“మళ్లీ.”

“ఫైలు పంపాను.” అని, భయంగా చుట్టూ చూశాడు. “ఎవరినో తిట్టినట్టుంది సువర్చలా. నావల్ల కాదే.”

“నన్ను ఇన్నేళ్లుగా సార్ లేకుండానే మాట్లాడుతున్నారు కదా.”

“నీ దగ్గర భయంతో మాట మింగేస్తాను. అది వేరు.”

నెల తిరిగేసరికి అతని ఖాతా నూట పన్నెండు సార్‌ల లోటులో ఉంది. ఆ తర్వాత సర్క్యులరు కాదు, కవరు వచ్చింది. అడవుల మధ్య ఉన్న చింతూరుకు ట్రాన్స్‌ఫరు.

“సదరు ఉద్యోగి సంబోధనా నియంత్రణను పాటించుటలో అశక్తుడని తేలినందున, చింతూరు ఉపకేంద్రమునకు బదిలీ చేయడమైనది. అచ్చట పై అధికారి పోస్టు ఖాళీగా ఉన్నందున సదరు పదము యొక్క అవసరము ఏర్పడదు. ఇది శిక్ష కాదు, సంక్షేమ చర్య.”

సువర్చల కవరు బల్ల మీద పెట్టి పెరట్లోకి వెళ్లింది. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఇది ఎనిమిదో ఊరు. వెనకటి ఏడు ఊళ్లలోనూ ఆమె ఏడు కరివేపాకు మొక్కలు నాటింది. మోకాలెత్తు వచ్చేసరికి కవరు వచ్చేది. ఆ ఏడు మొక్కలూ ఇప్పుడు చెట్లయి, ముక్కూ మొహం ఎరగని ఏడిళ్లవాళ్ల పోపుల్లో పడుతున్నాయి. ఈ ఎనిమిదోది నాలుగేళ్లు నిలిచింది. భుజం దాటింది. కిందటి నెలలోనే మొదటిసారి కూరగాయలతను కొసరుగా కరివేపాకు ఇవ్వబోతే “మాకుంది” అని గర్వంగా చేయి అడ్డం పెట్టింది.

ఆకుల్ని చూస్తూ, ఒక నూనె కాగితం గురించి ఆలోచించింది.

“వెళ్లి అడగండి,” అంది లోపలికొచ్చి.

“ఏమని అడగను? లోటు తీరేదాకా నేను ఒక్కటి కూడా వాడకూడదు.”

అయినా వెళ్లాడు. డైరెక్టరు గారి గదిలో పది నిమిషాలు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. డైరెక్టరు త్రిలోచనరావు గారు ఇటు చూశారు. కామేశం నోరు తెరిచాడు, మూశాడు. కళ్లనీళ్లు తిరిగాయి. నమస్కారం పెట్టి వచ్చేశాడు.

ఆ సాయంత్రం సువర్చల చీరకు ఫాల్ కొనడానికి మెయిన్‌రోడ్డు మీద పెద్ద చీరల కొట్టుకు వెళ్లింది. అక్కడ, పట్టుచీరల విభాగంలో, మెత్తటి పరుపు మీద ఒక పెద్దమనిషి ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఎదుట చీరలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఆయన వాటిని చూడటం లేదు. కళ్లు సగం మూసుకుని, చెవులు మాత్రం ముందుకు పెట్టి వింటున్నాడు.

“ఇది ఉప్పాడ సార్. చేత్తో ముట్టుకోండి సార్. కూల్‌డ్రింకు చెప్పమంటారా సార్? ఫరవాలేదు సార్, చూసినందుకు ఏముంది సార్.”

త్రిలోచనరావు గారే. ఆఫీసు పండగ ఫోటోలో చూసిన దానికి ఇప్పటికి బుగ్గలు లోపలికి పోయాయి.

“ఎవరండీ ఆయన, పెళ్లి బట్టలకా?” అని అడిగింది, ఫాల్ చించుతున్న అమ్మాయిని.

“ఏం పెళ్లండి. మూడు వారాలుగా రోజూ అయిదింటికి వచ్చి ఎనిమిదింటికి వెళ్తన్నారండి. ఒక్క జాకెట్టుముక్క కొనలేదు. నిన్న మా సేల్సుమేను గొంతు పోయి, సైగలతో చూపిత్తే లేచెళ్లి పక్క కౌంటర్లో కూచున్నారండి.”

సువర్చల ఫాల్ తీసుకుని, రంగు సరిపోయిందో లేదో కూడా చూడకుండా ఇంటికొచ్చేసింది. నడకలో కొత్త ఊపు ఉంది.

మర్నాడు పదకొండింటికి ఆమె డైరెక్టరు గది ముందు ఉంది. అప్పలకొండ నోరు విప్పకుండా తలుపు తీశాడు, ఆ రోజు పదీ అయిపోయాయి గనక. వరండాలో కామేశం ఒక స్తంభానికి ఆనుకుని, సగం కనపడేలా నిలబడ్డాడు. గదిలో బల్లకు ఒక పక్క నిరంజన్ టాబ్ చూసుకుంటున్నాడు.

“మీరు?” అన్నాడు నిరంజన్. “ఉద్యోగుల విజ్ఞప్తులు రాతపూర్వకంగా, సంబోధనరహితంగా—”

“ఉద్యోగిని కాదండి. ఇంట్లో ఉండే మనిషిని. కామేశం గారి భార్యను.” తర్వాత బల్ల వైపు తిరిగి, తీరిగ్గా అంది. “నమస్కారం సార్.”

త్రిలోచనరావు గారి చేతిలో పెన్ను ఆగింది.

“కూర్చోమంటారా సార్?”

“కూర్చో... కూర్చోండమ్మా.”

“థాంక్స్ సార్. మీ టైము పాడుచేయను సార్. ఎంత పనిలో ఉంటారో నాకు తెలుసు సార్. ఈ కుర్చీలో ఇంకెవరైనా అయితే సార్...” అని ఆపి, ఆ సార్‌ను గాలిలో అలాగే వదిలేసింది. అది ఆమె కాగితంలో తొమ్మిదో రకం. అర్థం ఏమీ ఉండదు, వినేవాడు కావలసింది పూరించుకుంటాడు. ఆయన పూరించుకున్నాడు. వీపు నిటారుగా అయింది. బుగ్గల్లోకి రంగు వచ్చింది.

“మేడం,” అన్నాడు నిరంజన్, “ఇప్పటికే ఆరు అయ్యాయి. దయచేసి—”

“మీరు లెక్కపెడుతున్నారని చూడలేదు సార్,” అంది వినయంగా. నెలన్నరగా ఆ ఆఫీసులో ఎవరూ నిరంజన్ మీద ఒక్క సార్ కూడా ఖర్చుపెట్టలేదు. అతను టాబ్ కింద పెట్టేశాడు.

“విషయం చెప్పండమ్మా,” అన్నాడు డైరెక్టరు. “నిదానంగా చెప్పండి. తొందరేం లేదు.”

“మా వారిని చింతూరు వేశారు సార్. అక్కడ పై అధికారి లేడు గనక సుఖంగా ఉంటారన్నారు సార్. ఉంటారేమో సార్. నా బాధ ఆయన గురించి కాదు సార్, మీ గురించి.”

“నా గురించా?”

“మిగిలినవాళ్లు ఇరవై అంటే ఇరవై దగ్గర ఆగిపోయారు సార్. ఇరవై ఒకటోది మీ మొహం చూసి కూడా ఒక్కరికీ రాలేదు. మిషను నొక్కుకుని ఊరుకున్నారు సార్. లోటు పడుతుందని తెలిసి, శిక్ష ఉందని తెలిసి, మీ ఎదుట నూట పన్నెండు ఎక్కువ అన్న మనిషి ఈ ఆఫీసు మొత్తానికి ఒక్కరే ఉన్నారు సార్. ఆయన్ను అడవిలోకి పంపేస్తే, ఇక ఇక్కడ మీకు మిగిలేది కోటా ప్రకారం అనేవాళ్లే సార్.”

త్రిలోచనరావు గారు కిటికీ వైపు చూశారు. ఈ కోణంలో ఆ ఫైలును ఎవరూ పరిశీలించలేదని ఆయన మొహమే చెప్పింది.

“పరిపాలనలో అంకెలు కూడా చూడాలి కదమ్మా,” అన్నాడు నెమ్మదిగా.

“చూడాలి సార్. నిన్న చీరల కొట్లో కూడా తమరు చాలాసేపు చూస్తూ కూర్చున్నారు సార్.”

ఆయన దగ్గాడు. నిరంజన్ వైపు ఒకసారి చూసి, ఫైలు దగ్గరికి లాక్కున్నాడు. “కామేశాన్ని పిలవండి.”

కామేశం వచ్చి నిలబడ్డాడు. పెదవులు బిగించి ఉన్నాడు. డైరెక్టరు చేయి చాపి, అతని వేలికున్న మిషను తనే తీసి, సొరుగులో పడేసి మూశాడు.

“చెప్పవయ్యా, ఏమిటి నీ బాధ?”

కామేశం ఒకసారి గాఢంగా ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత నాలుగు నిమిషాలు మాట్లాడాడు. అందులో మాట ఒకటే. అయినా గదిలో అందరికీ అంతా అర్థమైంది. వరండాలో అప్పలకొండ పైగుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు.

ట్రాన్స్‌ఫరు రద్దయింది. కోటా రద్దు కాలేదు, ఎందుకంటే ప్రభుత్వం చేసింది తప్పెలా అవుతుంది. పథకము ఆశించిన ఫలితములను నూటికి నూరుపాళ్లు సాధించినందున తదుపరి ఉత్తర్వుల వరకు నిలిపివేయడమైనది అని సర్క్యులరు వచ్చింది. నలభై మిషన్లనూ గుళ్లలో ముసలివాళ్లకు పంచిపెట్టి, ఫోటో తీసుకుని, వయోవృద్ధుల సంక్షేమం కింద చూపించారు. నిరంజన్ వెళ్లేటప్పుడు ఆ నూనె కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టుకున్నాడు. అది ఎవరి చేతిరాతో తెలిస్తే సన్మానం చేయించేవాణ్ణని కామేశంతో అన్నాడట. సువర్చల ఆ రోజు నుంచి మిరపకాయలను స్టీలు డబ్బాలో పెడుతోంది.

తర్వాతి ఆదివారం ఆమె పోపు పెడుతుంటే ఫోను మోగింది. కామేశం లేచాడు. లుంగీ దించుకున్నాడు. చెప్పులు విడిచాడు.

“సార్... ఆఁ సార్... అలాగే సార్... సార్ సార్ సార్... ఎంతమాట సార్...”

సువర్చల పెరట్లోకెళ్లి రెండు రెమ్మలు తుంచుకొచ్చింది. ఈసారి లెక్కపెట్టకూడదు అనుకుంది గాని, అలవాటు చొప్పున ముప్ఫై ఒకటి దాకా వచ్చేసింది.

“డైరెక్టరు గారా?” అంది అతను ఫోను పెట్టాక.

“కాదు. ఏదో రికార్డు చేసిన ఆడగొంతు. మన పేట్లో రేపు కరెంటు తీస్తారట.”

“దానికి అన్ని సార్‌లు దేనికండీ?”

కామేశం తృప్తిగా కుర్చీలో వాలి, పేపరు విప్పుకున్నాడు.

“మళ్లీ ఎప్పుడు కోటా పెడతారో ఎవరికి తెలుసు? ఉన్నప్పుడే అనెయ్యాలి.”

సువర్చల కరివేపాకు దూసి నూనెలో వేసింది. అది చిటపటమంది.